జోగారావు గారు కథలు మానేశారు

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళ శిక్షణలో ఇప్పుడు కథ చెప్పడం ఒక పాఠమట. ఊళ్ళో జనానికి విషయం ఎలా చేరవెయ్యాలి, మీటింగులో మన పని గురించి ఎలా చెప్పుకోవాలి, ఇంటర్వ్యూలో మన అనుభవాన్ని కథలా ఎలా నడపాలి, అన్నీ నేర్పుతున్నారట. "మీ రోజుల్లో ఇవన్నీ లేవు కదండీ?" అని అడుగుతారు.

పాఠం లేదు గాని, చెప్పే మనిషి ఉండేవాడు. ఆయన పేరు జోగారావు గారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది మాత్రమే చెబితే మీకు సగం చెప్పినట్టు. ఆయనకేం జరిగిందో కూడా చెప్పాలి. నా ఉద్యోగంలో నాకు తలుచుకోవాలనిపించనిదీ, తలుచుకోకుండా ఉండలేనిదీ అదొక్కటే.

తలుపులు వేసుకునే వీధులు

నేను ఉద్యోగంలో చేరింది అరవైల చివర. చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళు చూసుకునే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటర్ని. విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు, మా ఊళ్ళన్నీ శ్రీకాకుళం కిందే ఉండేవి. మా నాన్న విజయనగరంలో సంగీతం మాస్టారు. ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళడం అదే మొదలు. రేయింబవళ్ళు చదివి పాసయ్యాను కాబట్టి, నేను చెబితే ఎవరైనా వింటారనుకున్నాను.

అప్పుడు మా పనంతా మశూచి టీకాలు. టీకా మందు చుక్క చర్మం మీద వేసి, పళ్ళున్న చిన్న బిళ్ళ ఆనించి గట్టిగా తిప్పేవాళ్ళం. పెద్దవాళ్ళకే కళ్ళనీళ్ళు తిరిగేవి, పిల్లలు ఊరంతా వినబడేలా ఏడ్చేవారు. తరవాత పొక్కు లేచి, జ్వరం వచ్చి, మచ్చ పడేది. ఆ ఏడుపు ఒక వీధిలో వినబడితే తరవాతి వీధిలో తలుపులు మూతపడేవి. పిల్లల్ని ధాన్యం గాదెల్లో దాచేవారు.

ఒక ఊళ్ళో నేను అరుగు మీద నిలబడి, సూక్ష్మజీవుల దగ్గర్నుంచి మొదలుపెట్టి, మశూచి అంటే ఏమిటో అంతా చెప్పాను. ఒక ముసలమ్మ ఓపిగ్గా విని, నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"నువ్వు సెప్పింది బాగున్నాది గాని నర్సమ్మా, కొంచెం మెల్లగా సెప్పు. అమ్మోరు ఇంటే కోపం వస్తాది."

వాళ్ళకి మశూచి అంటే జబ్బు కాదు. అమ్మవారు ఇంటికి రావడం. వచ్చిన అమ్మవారిని టీకాతో వెళ్ళగొడతామనే మనిషికి ఎవరు తలుపు తీస్తారు?

జోగారావు గారి కథ

ఆ ముసలమ్మ మాట నేను కేంద్రానికి వచ్చి చెబితే పగలబడి నవ్విన మనిషి జోగారావు గారు. మా కేంద్రంలో ఆయన హెల్త్ ఎడ్యుకేటరు, అంటే ప్రచారం చేసే ఉద్యోగి. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవారు. వాళ్ళ నాన్నగారు పేరున్న హరిదాసు. హరికథలతో ఇల్లు గడవని రోజులొచ్చి కొడుకుని ఉద్యోగంలో పెట్టారు. ఆయన గొంతు మాత్రం ఉద్యోగంలో చేరలేదు, ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

"అమ్మాయ్, ఆవిడ తప్పేం చెప్పింది? ఆవిడింటికి చుట్టంలా వచ్చేదాన్ని నువ్వు పురుగంటే ఊరుకుంటుందేటి? రేపు నాతో రా" అన్నారు.

ఆ మర్నాడు నేను చూసింది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. కలుపుతీతకి వెళ్ళిన ఆడవాళ్ళు మధ్యాహ్నం తిరిగొచ్చి చెట్టు నీడన గంజి తాగుతున్నారు. ఆయన వెళ్ళి వాళ్ళ మధ్య చతికిలబడి మంచినీళ్ళడిగారు. వానల గురించి మాట్లాడారు. ఎవరింట్లోనో ఈనిన గేదె గురించి అడిగారు. మాటల్లోంచి కథలోకి ఎప్పుడు దిగారో నాకు తెలియనే లేదు.

ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దది పిల్లని గాదెలో దాచింది. చిన్నది టీకా వేయించింది. వేసవిలో అమ్మవారు ఊళ్ళోకి వచ్చింది. గజ్జెలు ఘల్లుమంటూ ఒక్కో గడపా చూసుకుంటూ వస్తోంది. చిన్నకోడలి ఇంటి ముందు పిల్ల ఆడుకుంటోంది. అమ్మవారు వంగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది. "ఓసి, ఇది నా గుర్తే! ఈ ఇంటికి నేను ముందే వచ్చి వెళ్ళినట్టున్నాను" అని, పిల్ల తల నిమిరి, ఆ గడప దాటి వెళ్ళిపోయింది.

ఆయన అమ్మవారిని తిట్టలేదు, కాదనలేదు. టీకా మచ్చని ఆవిడ పెట్టిన బొట్టు చేసేశారు. గజ్జెల దగ్గర ఆయన గొంతు తగ్గించేసరికి ఆడవాళ్ళు గంజి ముంతలు కింద పెట్టేశారు. కథలో పెద్దకోడలి పిల్లకి గాదెలో ఊపిరాడని చోట ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. కథ అయ్యాక ఎవరూ పిలవకుండానే ఒకరి వెనక ఒకరు పిల్లల్ని తీసుకొచ్చారు. ఆ సాయంత్రానికి నా చేతివేళ్ళు నొప్పెట్టాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆయన నాకు చెప్పిన మాటలు ఉద్యోగం పొడుగునా పనికొచ్చాయి. ముందు వాళ్ళ ఇంట్లో నిలబడి మాట్లాడమన్నారు. అందరికీ చెప్పాలని చూడొద్దు, ఒక్క మనిషికి చెబితే మిగతావాళ్ళు వింటారన్నారు. "ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు అమ్మాయ్. మిగతాది వాళ్ళే చెప్పుకుంటారు."

డాక్టరు గారు

మా కేంద్రం డాక్టరు గారిది కృష్ణా జిల్లా. ఇక్కడి మాట ఆయనకి సగమే అర్థమయ్యేది. ముక్కుసూటి మనిషి, పని దొంగతనం సహించరు. జోగారావు గారి కథ ఆయనకి మొదట్నుంచీ నచ్చలేదు.

"మాస్టారూ, టీకా వేస్తే అమ్మవారు రాదని చెబుతున్నారటగా?"

"వస్తుందండి. చూసి వెళ్ళిపోతుంది."

"నవ్వులాట కాదు. రేపు ఒక్క బిడ్డకి వస్తే ఏం చేస్తారు? మందు ఒక్కోసారి పట్టదు. ఒక్కోసారి వేసేలోపే ఒంట్లోకి జబ్బు చేరి ఉంటుంది. అది కూడా చెప్పండి."

"అది చెబితే ఒక్కరూ చెయ్యి చాపరండి" అన్నారు జోగారావు గారు.

ఇద్దరి మాటా నిజమే. ఈ చిక్కు ఈ పనిలోకి వచ్చే ప్రతివాళ్ళకీ ఎదురవుతుంది. అప్పుడు మాత్రం మేమందరం జోగారావు గారి పక్షమే. తలుపులు తెరుచుకుంటున్నాయి, ఇంకేం కావాలి?

శ్రీకాకుళంలో నెలనెలా జరిగే మీటింగులో మిగతా కేంద్రాలవాళ్ళు అంకెలు చదివేవారు. పై అధికారి కళ్ళు మూసుకుని వినేవారు. మా వంతు వచ్చినప్పుడు డాక్టరు గారు నన్ను లేపారు. నాకు జోగారావు గారి మాట గుర్తొచ్చి, అంకెలు పక్కన పెట్టి, గాదెలోంచి పిల్లని తనే తీసుకొచ్చిన ఒక తల్లి సంగతి చెప్పాను. అధికారి కళ్ళు తెరిచారు. నా పేరు అడిగారు. ఆ రోజు నుంచి శ్రీకాకుళంలో నన్ను ఎరగని వాళ్ళు లేరు. నాకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగి, ఎక్కువ ఎండకి మాడి, మీటింగులో నోరు విప్పలేక వెనకబడిపోయిన వాళ్ళు మా శాఖలో ఎంతోమంది. చెప్పుకోవడం నేర్చుకోండి, తప్పు లేదు. మీ పక్కన చెప్పుకోలేనివాళ్ళు ఉంటే వాళ్ళ పని కూడా మీ నోటితో చెప్పండి. నేను అధికారినయ్యాక అది చేశాను. అంతకుముందు నాకు తోచలేదు.

గౌరి

ఆ వేసవిలోనే ఇంకో ఊళ్ళో ఎర్నమ్మ అనే ఆవిడ మా దగ్గరికి ఇద్దరు పిల్లల్ని తెచ్చింది. గౌరికి నాలుగేళ్ళుంటాయి. చంకలో ఉన్నవాడికి ఇంకా మాటలు రావు. అంతకుముందు మేం ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా తలుపేసుకున్న మనిషి ఎర్నమ్మ. ఆ రోజు జోగారావు గారి కథ విని వచ్చింది. గౌరి కూడా వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని నోరు తెరుచుకుని విన్నది. టీకా వేసినప్పుడు ఏడ్చింది గాని, వెంటనే చెయ్యి ఎత్తి పట్టుకుని "అమ్మోరు ఇది సూస్తాదా?" అని ఆయన్ని అడిగింది.

"చూస్తుందమ్మా. బాగా ఎత్తి పట్టుకో" అని ఆయన నవ్వారు.

గౌరి కొన్నాళ్ళ ముందు తండ్రితో గజపతినగరం పక్కన మేనత్తగారింటికి పెళ్ళికి వెళ్ళొచ్చింది. ఆ ఇంట్లో అప్పటికే ఒకరికి అమ్మవారు పోసి ఉంది. ఎర్నమ్మ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. అప్పట్లో ఎవరూ అడిగేవారు కాదు, అడగాలని మాకెవరూ నేర్పలేదు.

టీకా పొక్కు పచ్చి ఆరకముందే గౌరికి జ్వరం తగిలింది. ఆ పైన ఒళ్ళంతా పోసింది.

కబురు తెలిసి డాక్టరు గారూ, నేనూ, జోగారావు గారూ వెళ్ళాం. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. డాక్టరు గారు లోపలికి వెళ్ళి చూసి బయటికొచ్చారు. జోగారావు గారిని ఒక్క మాట అంటే బాగుండేదేమో. ఆయన అనలేదు.

లోపల చీకటిగా ఉంది. గౌరి చాప మీద పడుకుని ఉంది. కళ్ళు వాచిపోయి మూసుకుపోయాయి. ఎడమచెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడిచి పైకి పట్టుకుని ఉంది. బలం లేక వాలిపోతుంటే మళ్ళీ ఎత్తుతోంది.

"దించమంటే దించదు" అంది ఎర్నమ్మ. "అమ్మోరికి సూపించాలంటాది."

జోగారావు గారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

వారం దాటాక గౌరి పోయింది. మేం వెళ్ళేసరికి ఎర్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. జోగారావు గారిని చూసి, ఆయనతోనే మాట్లాడింది.

"నీ కతలో అమ్మోరు గుర్తు సూసి ఎలిపోనాది కద బాబూ. మా గుంట కడదాకా ఎత్తి సూపించినాది. మరి సూడలేదేటి?"

ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగింది. ఆయనకి తెలిసి ఉంటుందని అడిగింది. జోగారావు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని వీధిలోకి నడిచి వెళ్ళిపోయారు. అంత గొంతున్న మనిషి ఒక్క ముక్క లేకుండా వెళ్ళిపోవడం చూసి నాకు భయం వేసింది.

ఎర్నమ్మ

ఆ ఊరూ, ఆ పక్క ఊళ్ళూ మళ్ళీ మూసుకుపోయాయి. గుర్తు ఉన్నా అమ్మవారు వదల్లేదన్న మాట మాకంటే ముందే ప్రతి ఊరూ చేరింది. జబ్బు పాకుతోంది. డాక్టరు గారు జోగారావు గారిని ఇంకో ఊరికి వెళ్ళి మాట్లాడమన్నారు. ఆయన వెళ్ళారు. జనం మధ్య కూర్చున్నారు. మంచినీళ్ళడిగారు. తాగారు. లేచి వచ్చేశారు. ఆ తరవాత ఆయన కథ చెప్పగా నేను వినలేదు, ఇంకెవరూ విన్నట్టు కూడా తెలీదు. కొన్నాళ్ళకి అడిగి మరీ జిల్లా ఆఫీసులో ఉత్తరాలు పంపే సెక్షనుకి బదిలీ చేయించుకున్నారు.

నేను ఎర్నమ్మ ఇంటికి వెళుతూనే ఉన్నాను. టీకా గురించి మాట్లాడలేదు. పిల్లాణ్ణి ఎత్తుకునేదాన్ని, ఆవిడ చాటతో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు ఆవిడే అడిగింది.

"నర్సమ్మా, గుంటా బాబూ ఒక్క చాప మీదే పడుకున్నారు. ఆడికేల రాలేదు?"

అప్పుడు చెప్పాను. గౌరి ఒంట్లోకి జబ్బు పెళ్ళింట్లోనే దూరిందనీ, మందుకి ఒంట్లో కుదురుకోవడానికి కొన్ని రోజులు కావాలనీ, గౌరికి ఆ రోజులు దొరకలేదనీ చెప్పాను. బాబుకి జబ్బు తగిలేసరికే మందు కుదురుకుని ఉందనీ చెప్పాను. ఆవిడ చాట ఆపి చాలాసేపు పిల్లాడి వంక చూసింది.

"అంతకుముందు నువ్వొచ్చినప్పుడు ఏయించుంటే?"

నాకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికీ రాలేదు. ఆవిడకి అర్థమైంది. చాట పక్కన పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంక బయటికి రాలేదు.

తరవాతి సంతనాడు తనే కేంద్రానికి వచ్చింది. "మా కన్నోరి ఊళ్ళో తలుపులు తియ్యట్లేదంట కద. నానొస్తాను" అంది.

వాళ్ళ పుట్టింటి ఊళ్ళో ఆవిడ చెప్పినదాన్ని కథ అనొచ్చో లేదో నాకు తెలీదు. ఎక్కడా గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని నిలబడి చెప్పింది.

"నర్సమ్మ ముందొచ్చినప్పుడు నాను తలుపేసినాను. ఆలీసంగా ఏయించినాను. నా గుంట సచ్చిపోనాది. ఈడికి ఏలకి పడినాది, ఈడున్నాడు. టీకా ఏసినా ఒకోపాలి నప్పదంట. అది కూడా సెప్తన్నాను, తరవాత నన్ననొద్దు. ఏయించుకోకపోతే మాత్రం నాలాగ కూకుంటారు. నాను సెప్పాల్సింది సెప్పినాను."

ఎవరూ ఏడవలేదు. ఆ తరవాత ఎర్నమ్మ వదిన లేచి తలుపు తీసి పిల్లల్ని తెచ్చింది.

డాక్టరు గారు చెప్పమన్నదంతా అందులో ఉంది. అది చెబితే ఒక్కరూ చెయ్యి చాపరని జోగారావు గారు అన్నారు, నేనూ నమ్మాను. చెప్పే మనిషి ఎర్నమ్మ కాబట్టి చాపారు. నేను అవే మాటలు చెబితే చాపేవారు కాదు. కథలో బలం ఎంతుందో, చెప్పేవాళ్ళు దానికి చెల్లించిన ఖరీదులో కూడా అంతే ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

ఆవిడ మరి కొన్ని ఊళ్ళకి వచ్చింది. ఒకరోజు బండి ఎక్కబోతూ ఆగిపోయింది.

"ఇంక రాలేనమ్మా. సెప్పినప్పుడల్లా మల్లీ సచ్చిపోతాది."

నేను మళ్ళీ అడగలేదు. పై అధికారి మాత్రం విని చాలా సంబరపడ్డారు. జిల్లా సభలో వేదిక మీదికి తెచ్చి మాట్లాడిద్దాం, దండ వేద్దాం అన్నారు. కుదరదన్నాను. ఆయనకి కోపం వచ్చింది. నన్ను కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పారు, తరవాత గట్టి మాటలు చెప్పారు. డాక్టరు గారు అడ్డం పడి, "ఆవిడ వద్దందండి, వదిలెయ్యండి" అన్నారు. ఇక్కడివాళ్ళ మాట సగమే అర్థమయ్యే ఆ మనిషికి ఎర్నమ్మ మాట పూర్తిగా అర్థమైంది.

ఇప్పుడు మీ శిక్షణలో విజయగాథలు సేకరించమంటున్నారట. సేకరించండి. ఎవరి ఇంట్లోంచి తెస్తున్నారో వాళ్ళని అడిగి తెండి, వాళ్ళు చాలంటే ఆపండి.

శ్రీకాకుళంలో

ఎర్నమ్మ సంగతి చెబుదామని నేను శ్రీకాకుళం వెళ్ళి జోగారావు గారిని కలిశాను. కవర్లకి జిగురు రాస్తున్నారు. అంతా విని, ఒక్కటే అడిగారు.

"ఆవిడ చెబుతుంటే ఎవరైనా ఏడ్చారా?"

"లేదండి."

"నేనైతే ఏడిపించేవాణ్ణి" అని మళ్ళీ కవరు అందుకున్నారు.

మీరు కథ మానెయ్యక్కర్లేదండీ, ఇంకోలా చెబితే చాలండీ అని ఎన్నో విధాల చెప్పాను. అలాంటి గొంతు మా శాఖకి మళ్ళీ రాలేదు. ఆయన ఒక్క ఏడాది ఎర్నమ్మలా చెప్పగలిగి ఉంటే ఎన్ని తలుపులు తెరుచుకునేవో. నాకున్న పెద్ద విచారం అది. ఆయన తప్పని నేను అనను. డాక్టరు గారి మాట వినకపోవడం తప్పే, కాని మేం ఎవ్వరం వినలేదు. శిక్ష మాత్రం ఆయనొక్కరే వేసుకున్నారు.

చాలా ఏళ్ళ తరవాత నేను విజయనగరంలో కొత్తవాళ్ళకి శిక్షణ ఇస్తుండగా, ఒక మధ్యాహ్నం ఆయన రిక్షా దిగి వచ్చారు. అప్పటికి రిటైరయ్యారు, చూపు తగ్గింది. వెనక బెంచీలో కూర్చుంటానన్నారు. ఆ రోజు కొత్త పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఊళ్ళో చెప్పబోయే కథ అందరి ముందూ చెప్పి చూపిస్తున్నారు. విరేచనాలతో నీరసించిన ఒక పిల్లాడికి తల్లి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టి బతికించుకున్న కథ ఒకమ్మాయి చెప్పింది. చాలా బాగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

జోగారావు గారు వెనకనుంచి చెయ్యెత్తారు.

"అమ్మాయ్, ఆ పిల్లాడు బతక్కపోతే, మర్నాడు ఆ తల్లికి ఏం చెబుతావు?"

ఆ అమ్మాయి నా వంక చూసింది.

"నాకూ తెలీదమ్మా. ఇన్నాళ్ళకి ఎవరైనా కనిపెట్టారేమో అడుగుదామని వచ్చాను" అని, గోడ పట్టుకుని లేచి, మెల్లగా బయటికి నడిచారు.

ఆయన ఎవరని ఆ అమ్మాయి నన్ను అడిగింది. మన పనిలో అందరికంటే బాగా కథ చెప్పిన మనిషి అన్నాను. "అయితే ఒక్కటి చెప్పించండి మేడమ్" అంటూ గేటు దాకా పరుగెత్తింది. నేను కూడా వెళ్ళాను. రిక్షా అప్పటికే మలుపు తిరుగుతోంది. ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "మాస్టారూ!" అని గట్టిగా పిలిచింది. ఆయనకి వినబడే ఉంటుంది. వెనక్కి తిరిగి చూడలేదు.